నల్ల కోడలి జున్ను

మా బాబాకి పశువుల పిచ్చి పట్టింది కరోనా ఏడాదిలోనే. ఆ ఏడాది అందరికీ ఏదో ఒకటి పట్టింది. జనానికి దగ్గు పట్టింది, మా మామాకి కేకులు చెయ్యడం పట్టింది, అవి తిని బాగున్నాయని చెప్పే ఖర్మ నాకు పట్టింది. ఇక్కడ గల్ఫులో మేం పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం, ఆవిడ భర్తని బాబా అంటాం. బాబాకి మాత్రం అమెరికా పశువుల వీడియోలు పట్టాయి. పొద్దున్నే మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో కూర్చుని, పెద్ద పెద్ద టోపీల వాళ్ళు గుర్రాల మీద మందల్ని తోలుకుపోతూ ఉంటే, నోరు తెరుచుకుని చూసేవాడు. నేను కాఫీ పట్టుకెళితే కూర్చోమనేవాడు. పొయ్యి మీద అన్నం మాడిపోతోంది బాబా అన్నా వినేవాడు కాదు.

నేను గోదావరి లంక మనిషిని. ఆ ఇంట్లో వంట నాది. రోగం భయంతో కుటుంబమంతా ఊరు వదిలి అల్ ఐన్ రోడ్డులో ఉన్న మజ్రాకి వచ్చేసింది. మజ్రా అంటే ఇసకలో ఉన్న తోట. ఖర్జూరం చెట్లు, నాలుగు ఒంటెలు, మేకలు, ఒక పెద్ద వంటిల్లు. నాకు ఏమీ తోచక ఏడుపొచ్చేది. అందుకే బాబా చెప్పే ఆవుల కథలు వినడం మొదలుపెట్టాను. ఆయన మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. నాకు అర్థమైనంత తెలుగులో చెబుతున్నాను.

స్కాట్లాండులో కొమ్ముల్లేని నల్ల ఆవులు ఉండేవట. అక్కడి రైతులు వీపు మీద కండ బాగా పట్టే వాటినే ఏరి, వాటి పిల్లల్లో మళ్ళీ ఏరి, తరాల తరబడి అదే పని చేశారట. ఆ జాతిని ఓడల్లో అమెరికా పట్టుకెళ్ళి బయళ్ళలోకి వదిలారట. దుక్కి దున్నక్కర్లేదు, బండి లాగక్కర్లేదు, చెంబు నింపక్కర్లేదు, మేసి కండ పట్టించుకోవడమే దాని ఉద్యోగం అన్నాడు బాబా.

"మా ఊళ్ళో ఆ ఉద్యోగం మా ఆడపడుచుకి ఒక్కదానికే ఉంది బాబా" అన్నాను. నవ్వి నవ్వి ఆయన కాఫీ కందూరా మీద, అంటే ఆ తెల్లటి పొడుగు చొక్కా మీద ఒంపుకున్నాడు. ఉతికింది నేనే.

తర్వాత నిజంగానే ఆవులొచ్చేశాయి. ఆస్ట్రేలియా నుంచి, విమానంలో. ఇంటికి పోదామంటే నాకు విమానాలు లేవన్నారు, ఆవులకి ఉన్నాయి. నిగనిగలాడే నల్లటి పెయ్యలు లారీ దిగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. వాటి బొచ్చు మీద చెయ్యి వేసి చూడాలని కూడా అనిపించింది, అది వేరే సంగతి.

వాటిని చూసుకోవడానికి మనిషి కావాలి. బాబా ఫ్యాక్టరీలుండే ముసఫ్ఫాలో తన స్నేహితుడి కంపెనీ కూలీల క్యాంపుకి వెళ్ళి, పశువుల పని తెలిసినవాళ్ళెవరని అడిగాడట. కరీంనగర్ వైపు మనిషి ఒకడు రెండు చేతులూ ఎత్తాడట. అతన్నే తీసుకొచ్చాడు. నన్ను అక్కా అని పిలిచాడు, నేను తమ్ముడూ అన్నాను, అదే మా చుట్టరికం. అతను ముసఫ్ఫాలో ఇనుప పరంజీలు కట్టేవాడు. ఎత్తు ఎక్కితే అతనికి కళ్ళు తిరుగుతాయి. ఆ మాట చెబితే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పకుండా రోజూ ఎక్కుతూనే ఉన్నాడట.

"పైకి ఎక్కినంక ఆకాశం దిక్కే చూసేటోణ్ణి అక్కా. కిందికి చూస్తే ఖలాస్" అన్నాడు వచ్చిన రోజున. ఆ తర్వాత వంగి రెండు చేతులతో ఇసక తట్టి చూసుకున్నాడు. ఇవి మాంసం కోసం పెంచే జాతి, నీకేం అభ్యంతరం లేదా అని నేను అడిగాను. "కోసుడు సంగతి బాబాది. సాదుడు సంగతి నాది" అన్నాడు. బాబాకీ కోసే ఆలోచన లేదు. ముందు మంద పెరగాలి, కొత్త జాతి తయారవ్వాలి, దానికి తన పేరు పెట్టుకోవాలి. ఆయన ఆశలన్నీ అక్కడున్నాయి.

తమ్ముడు మొదటి రోజే పప్పులో కాలేశాడు. మన ఆవుల దగ్గరికి వెళ్ళినట్టే అరచెయ్యి చాపి, నోటితో చప్పరిస్తూ, గంగడోలు నిమురుదామని ఒక నల్ల పెయ్య దగ్గరికి నడిచి వెళ్ళాడు. అది అతన్ని చూసింది. మరుక్షణం అతను ఇనుప కంచె చిట్టచివరి కమ్మీ మీద కూర్చుని ఉన్నాడు.

"ఎత్తంటే భయం అన్నావు కదయ్యా" అన్నాను.

"గప్పుడు యాదికి రాలే అక్కా" అన్నాడు పైనుంచి.

బాబా పొట్ట పట్టుకుని నవ్వాడు. బయళ్ళలో పెరిగిన జాతికి గుర్రం మీది మనిషే మనిషట. కాళ్ళ మీద నడిచొచ్చే మనిషి ఎప్పుడో వాత పెట్టడానికో, సూది వెయ్యడానికో తప్ప దగ్గరికి రాడట. మనలా పేరు పెట్టి పిలిచి, మెడ గోకి, కష్టసుఖాలు చెప్పుకునే మనుషుల్ని అవి ఎరగవు. పాపం అనుకున్నాను. తమ్ముడు మాత్రం ఆ చలికాలమంతా పగలు వాటి మధ్యనే కూర్చుని, తన కష్టం వాటికి చెప్పి, చివరికి మెడ గోకించుకునే దాకా తెచ్చాడు.

ఎండ ముదిరేసరికి ఆ నల్లవి నాలుకలు వేలాడేసుకుని రొప్పడం మొదలుపెట్టాయి. ఫ్యాన్లు పెట్టారు, నీళ్ళు చల్లారు. అప్పుడు బాబాకి మరో కథ దొరికింది. అమెరికాలో వేడి ప్రాంతాల వాళ్ళు కూడా ఇదే బాధ పడి, ఆ నల్ల ఆవులకీ మూపురం ఉన్న పశువులకీ సంకరం చేసి, ఎండకి ఓర్చుకునే కొత్త జాతిని పుట్టించారట. నేనూ చేస్తాను అన్నాడు. బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చిన పశువుల్లోంచి ఒక కోడెని ఏరి కొనుక్కొచ్చాడు.

లారీ తలుపు తెరిచారు. నేను వంటింటి గుమ్మంలో బియ్యం చాట పట్టుకుని ఉన్నాను. తెల్లగా, మూపురం పక్కకి ఒరిగి, గంగడోలు మడతలు మడతలుగా ఊగుతూ, కాటుక పెట్టినట్టున్న కళ్ళతో దిగింది. చాటలో బియ్యం సగం ఇసకలో పోశాను.

"ఇది మనదే కదా" అన్నాను తమ్ముడితో.

"బ్రెజిల్‌ది. నెలోరె" అన్నాడు బాబా గర్వంగా.

"నెలోరె ఏంటి బాబా, నెల్లూరు. మాదే" అన్నాను.

బాబా ఫోన్ తీసి వెతికాడు. ఎన్నో ఏళ్ళ కిందట మన సముద్రం ఒడ్డునుంచి ఒంగోలు గిత్తల్ని ఓడలెక్కించి బ్రెజిల్ పట్టుకెళ్ళారట. అక్కడి ఆసాములకి నాగలి అక్కర్లేదు, మాంసం కావాలి. ఎండకీ పురుగుకీ తట్టుకుంటోందని దాన్నే పెంచి పెంచి దేశం నింపేశారట. మన పొలాల్లో కాడి మోసిన జాతి అక్కడ మాంసం జాతి అయి, ఇప్పుడు మా వంటింటి ముందు దిగింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. లోపలికి పోయి పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు తెచ్చి దిష్టి తీశాను. బాబా మళ్ళీ తియ్యమని వీడియో తీసుకున్నాడు.

"అక్కా, నీది గోదావరి. ఇది ఒంగోలు. నీకేమైతది?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఊరుకో. ఇంత దూరం వచ్చాక ఒంగోలైనా మా వీధే" అన్నాను.

దుబాయ్ అల్ కుసైస్‌లో మా పిన్ని కూతురు, నాకు చెల్లెలు, ఉంటుంది. దానికి చెప్పాను. దానికి చెబితే మైకులో చెప్పినట్టే. అక్కడినుంచి శుక్రవారాలు మా మజ్రాకి తెలుగువాళ్ళ రాక మొదలైంది. ఆ రోజుల్లో దుబాయ్ వైపు నుంచి అబుదాబి హద్దు దాటాలంటే కరోనా పరీక్ష కాగితం చూపించాలి. ముక్కులో పుల్ల పెట్టించుకుని మరీ వచ్చారు, గిత్తని చూడటానికి. పెళ్ళికొడుకుని చూసినట్టు చుట్టూ తిరిగి చూశారు. జెబెల్ అలీ నుంచి వచ్చిన ఒకాయన సుడులు చూసి మంచివే అన్నాడు. మా చెల్లెలు బెల్లం దిమ్మ తెచ్చింది. నల్ల ఆవులకి కోడళ్ళు అని పేరు పెట్టేశారు. స్కాట్లాండు సంబంధం, కట్నం లేదు, మాటపట్టింపు లేదు, కాకపోతే తంతాయి అని చెప్పి పంపేదాన్ని. బాబాకి ఈ తిరునాళ్ళ తెగ నచ్చింది. అందరికీ ఖర్జూరాలు పంచేవాడు.

నచ్చనిది పెద్దబ్బాయికి. బాబా పెద్దకొడుకు అబుదాబిలో ఆఫీసు మనిషి. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుంటాడు, పశువుల కొట్టం దగ్గర ముక్కు మూసుకుంటాడు. ఈ దాణా, ఈ ఫ్యాన్లు, ఈ జాతర ఏమిటి బాబా, ఒంటెలు చాలవా అని వచ్చినప్పుడల్లా దెబ్బలాట. ఒకరోజు నా ఎదురుగానే ఇద్దరూ పందెంగా ఒక మాట అనుకున్నారు. మొదటి దూడ పుట్టి, లేచి నిలబడి బతికితే మంద ఉంటుంది. లేదంటే గిత్తతో సహా అన్నీ అమ్మకం. యల్లా, ఖలాస్.

మంద పోతే తమ్ముడికి ఇక్కడ పని లేదు. అతని వీసా ఇంకా ముసఫ్ఫా కంపెనీ మీదే ఉంది. పందెం సంగతి నేను చెబితే అతను వంటింటి మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎదురుగా పెట్టిన కంచంలో చెయ్యి పెట్టలేదు.

"నేను మల్ల పరంజి ఎక్కలేను అక్కా. ఎక్కితే పడుత" అన్నాడు.

పెద్దబ్బాయి మీద కోపం వచ్చి ఆ రోజు అతని కూరలో కారం దండిగా వేశాను. ఇంకొంచెం కావాలని అడిగి తిన్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చి, దాని చివర్లో, చక్కటి పొద్దున్న పూట, అన్నిటికన్నా ముందు చూలు కట్టిన నల్ల కోడలు ఈనింది. తడి బూడిద రంగు పెయ్యదూడ. మెడ వెనక నిమ్మకాయంత మూపురం. తమ్ముడు దాని ఒళ్ళు గోనెపట్టాతో తుడుస్తూ కళ్ళు కూడా దాంతోనే తుడుచుకున్నాడు. మాషా అల్లా అంటూ బాబా పాతికమందికి ఫోన్లు చేశాడు. దూడ తూలుతూ లేచి పొదుగు దగ్గర మూతి పెట్టింది, మళ్ళీ కూలబడింది. తాగింది, తాగింది అన్నాం అందరం. తమ్ముడు మావిని మూట కట్టి, పాలు కారే చెట్టు ఇక్కడ లేదు కాబట్టి, ఇక్కడివాళ్ళు గాఫ్ అనే జమ్మి చెట్టుకి వేలాడదీశాడు. అదేమిటని బాబా అడిగితే పాలు బాగా పడటానికి అన్నాడు. అయితే ఇంకొంచెం పైన కట్టు అన్నాడు బాబా.

జున్ను మాట మొదట ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు. నేనన్నానని తమ్ముడంటాడు. తమ్ముడన్నాడని నేనంటాను. వీడియోలో దూడని చూస్తున్న మా చెల్లెలే అందని నాకు గట్టి నమ్మకం. ఎవరన్నా ఏం, అనగానే నోట్లో నీళ్ళూరాయి. ఆవు ఈనడమంటే జున్ను కాచుకోవడమే కదా మనకి. ఇంటి పాడి పాల జున్ను తిని ఎన్నేళ్ళయిందో. ఇదేమిటని బాబా అడిగాడు. తొలిపాలతో చేసేది బాబా, కేకు కాదు, ఖీరు కాదు, తింటే తెలియాలి అన్నాను. యల్లా, కానివ్వండి అన్నాడు బాబా.

ఆ యల్లా అన్నంత తేలిగ్గా కాలేదు పని. కోడల్ని ఇనుప కమ్మీల ఇరుకు సందులోకి తోలాం. ఆ జాతిలో ఏ ఆవునీ ఎవరూ చెంబు పట్టుకుని అడిగి ఉండరు. తమ్ముడి చెయ్యి తగలగానే మొదటి తాపు చెంబుకి తగిలింది, రెండోది బకెట్టుకి, మూడోది బాబా చెప్పుకి. బాబా తోక పట్టుకున్నాడు. తోకతోనే మొహం మీద కొట్టించుకున్నాడు. నేను మేత చూపిస్తూ, మా అమ్మ కదూ, మా బంగారం కదూ అని బతిమాలాను. ఎంతసేపటికో ఒక చెంబు నిండింది. చిక్కగా, పసుపు పచ్చగా. గిత్త కంచె అవతలినుంచి ఇదంతా నములుతూ చూసింది.

మామూలు పాలు కలిపి, చెల్లెలు తెచ్చిన బెల్లం తురిమి, మిరియాలూ యాలకులూ దంచి వేసి ఆవిరి మీద పెట్టాను. మూత తీసేసరికి వంటిల్లంతా మా ఊరి వాసన. బాబా ఒక గిన్నె తిని, రెండోది తిని, మామా కేకులకన్నా ఇదే బాగుందని చెప్పి, చెప్పాక మామా ఎక్కడుందో అటూ ఇటూ చూసుకున్నాడు. నేను కూడా తృప్తిగా తిన్నాను. తమ్ముడు తన గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లో దాచుకున్నాడు.

"సాయంత్రం ఇంటిదానికి వీడియోల చూపిచ్చుకుంట తింట. కుళ్ళుకోవాలె" అన్నాడు.

ఎండ వాలేసరికి అతనే పరుగెత్తుకొచ్చాడు. మొహంలో రక్తం లేదు. దూడ లేవడం లేదు. నేను వెళ్ళి నోట్లో వేలు పెట్టి చూస్తే చల్లగా ఉంది. చీకడం లేదు. బాబా పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆయన సుడాన్ మనిషి, దగ్గరలోనే ఉంటాడు, వెంటనే వచ్చాడు. దూడని చూశాడు, తల్లి పొదుగు పిండి చూశాడు. చుక్క రాలేదు.

"తొలిపాలు ఏవి?" అన్నాడు.

బాబా నన్ను చూశాడు. నేను తమ్ముణ్ణి చూశాను. తమ్ముడు గాఫ్ చెట్టు మీది మూటని చూశాడు. చివరికి బాబా తన పొట్ట మీద చెయ్యి వేసి, "ఇక్కడ" అన్నాడు.

డాక్టరు తల పట్టుకున్నాడు. తర్వాత మా ముగ్గురినీ వరసగా నిలబెట్టి చివాట్లు పెట్టాడు. మీ పాడి ఆవైతే దూడ తాగాక కూడా చెంబు నింపుతుంది. ఇది మాంసం జాతి. దీని పెద్దల్ని ఎవరూ పాల కోసం ఏరలేదు, కండ కోసం ఏరారు. అందులోనూ తొలిచూలు. దానికి పడేది దాని దూడకే సరిపోతుంది. ఆ తొలిపాలే దూడకి బలం, అవే మందు. ఈ పూట దాటితే తాగినా ఒంటికి పట్టవు. ఇప్పుడే ఈనిన మరో ఆవు పాలు ఎక్కడైనా తెండి. ఇలా తిట్టి, దూడకి కంబళి కప్పి కూర్చున్నాడు.

తమ్ముడు దూడ తల ఒళ్ళో పెట్టుకుని కదలడం లేదు. ఇతను మళ్ళీ పరంజీ ఎక్కాలి, మా జున్ను వల్ల ఎక్కాలి అనుకున్నాను. ఫోన్ తీశాను. గిత్తని చూడటానికొచ్చిన వాళ్ళందరి నంబర్లూ చెల్లెలి దగ్గరున్నాయి. ఇద్దరం చెరో పక్కనుంచి ఫోన్లు చేశాం. అల్ ఐన్ వైపు ఒక పాల డెయిరీలో పనిచేసే నిజామాబాద్ ఆయన దొరికాడు. అక్కడ రోజూ ఆవులు ఈనుతూనే ఉంటాయట, మిగిలిన తొలిపాలు ఇలాంటి అవసరానికి గడ్డ కట్టించి దాస్తారట.

"మన గిత్త బిడ్డకేనా? ముదీర్‌ను అడిగి గేటు కాడ పట్టుకొని నిలవడుత, రాండ్రి" అన్నాడు. ముదీర్ అంటే వాళ్ళ మేనేజరు.

బాబా బండి తీశాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. డెబ్భై దాటిన మనిషి అలా నడుపుతాడని నేను కలలో కూడా అనుకోలేదు. రోడ్డుకి అడ్డంగా వేసిన గట్ల మీద నా తల పైకప్పుకి తగులుతోంది. మెల్లగా బాబా అంటే, నువ్వు మాట్లాడకు, నీ జున్ను వల్లే అంటాడు. రెండు గిన్నెలు తిన్నదెవరు అంటే నేను కాదు, రుచి చూశాను అంటాడు. అంత భయంలోనూ ఇద్దరం పకపకా నవ్వుకున్నాం. గేటు దగ్గర డెయిరీ ఆయన ఆ రాయిలాంటి సీసా నా చేతిలో పెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు దాన్ని శాలువాలో చుట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు పొట్టకి అదుముకుని కూర్చున్నాను.

డాక్టరు దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి కరిగించి, గొట్టంతో దూడ గొంతులోకి మెల్లగా పంపాడు. ఇక ఎదురుచూడటమే. తమ్ముడు దాని చెవులు రుద్దుతూ, "లే బిడ్డా, లే, నీ కాళ్ళు మొక్కుత" అంటూనే ఉన్నాడు. మసీదు నుంచి రాత్రి నమాజు పిలుపు వినిపించింది. అప్పుడు దూడ తల ఎత్తింది. ముందుకాళ్ళు మడిచింది, వెనక్కాళ్ళు లేపింది, పడింది, మళ్ళీ లేపింది. నిలబడి, తల్లి పొదుగుని తలతో ఢీకొట్టింది. నేను డాక్టర్ని కావలించుకోబోయి ఆగి, కోడల్ని కావలించుకున్నాను. అది కూడా తన్నలేదు.

అప్పుడే పెద్దబ్బాయి కొట్టంలోకి వచ్చాడు. పొద్దున బాబా చేసిన ఫోన్లలో ఒకటి ఇతనికి. పందెం ఏమైందో చూద్దామని ఆఫీసు నుంచి వచ్చి, దాహమేసి ముందు వంటింట్లో ఫ్రిజ్ తెరిచాడట. నోట్లో స్పూను ఉంది, చేతిలో తమ్ముడు దాచుకున్న గిన్నె ఉంది. దూడ వైపు చూడనైనా లేదు.

"ఏంటిది?" అన్నాడు.

"మన ఆవు పాలతో చేశారు" అన్నాడు బాబా.

"ఈ ఆవా?" అన్నాడు. గిన్నెలోకి చూసుకుని చివరి ముక్క కూడా నోట్లో వేసుకున్నాడు. "ఇంకో ఆవు ఎప్పుడు ఈనుతుంది?"

డాక్టరు ఒక్క అరుపు అరిచాడు. ఈ ఆవుల పాలు ముట్టుకుంటే ఈసారి పోలీసులకి చెబుతానన్నాడు. పెద్దబ్బాయికి సంగతంతా అరబ్బీలో మళ్ళీ చెప్పాడు. అతను విని, అప్పుడు మొదటిసారిగా దూడని చూశాడు. దాని నిమ్మకాయ మూపురం మీద ఒక వేలు పెట్టాడు. ముక్కు మూసుకోలేదు.

"నిలబడింది కదా బాబా. మాట మాటే, మంద ఉంటుంది" అన్నాడు. "కాకపోతే ఒక పాడి ఆవుని కూడా కొనండి. దీని కోసం." గిన్నె ఎత్తి చూపించాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "నీ వీసా ఇక్కడికి మార్పిస్తాను. రెండు రకాలూ చూసుకోవాలి" అని, ఆ గిన్నె అతని చేతిలో పెట్టి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. రెండు కాళ్ళూ ఇసకలోకి బారజాపాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు, రెండూ చేస్తున్నాడు. గిన్నెలోకి చూశాడు. అడుగున అంటుకున్న కాస్త జున్నుని వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఎలా ఉందయ్యా?" అన్నాను.

"బెల్లం తక్కువైంది అక్కా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ గిన్నె లాక్కుని నెత్తి మీద ఒక్కటి మొట్టుదామనుకున్నాను. కానీ అతను ఇంకా వేలితో గిన్నె అంచులు తుడుచుకుంటూనే ఉన్నాడు, మడమలతో ఇసకని అటూ ఇటూ తోస్తూ. అతని పక్కనే నేనూ చతికిలబడ్డాను.